నాలుగు వేళ్లు పైకి

తడి సున్నం వాసన వేరు, తడి పుట్టీ వాసన వేరు. సున్నం ముక్కులోకి చల్లగా దిగి గొంతు దగ్గర కాస్త మండుతుంది. పుట్టీది కొత్త రబ్బరు చెప్పుల వాసన. మొన్న కోటవాడలో నర్సమ్మ ఇంటి గడప దాటగానే ఆ రెండోది మొహాన కొట్టింది. బతుకంతా గోడలతో గడిపినవాణ్ణి, వాసనకు బెదరను. కానీ ఎదుటి గోడ చూసి అక్కడే ఆగిపోయాను. అద్దంలా నున్నగా ఉంది. గీత లేదు. దీపం పెట్టుకునే గూడు కూడా లేదు, పూడ్చేశారు. ఆ పని చేసింది ఎవరో కాదు, నా కొడుకు శేఖర్. వాడి పనితనం చూసి మురిసిపోదామనే మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వెళ్లాను.

కోటవాడ గురించి తెలియనివాళ్లకు చెప్పాలి. దామరచర్ల దాటి పోతే మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఆ ఒడ్డున, పాతకోట కూలినప్పుడు మిగిలిన రాళ్లతో కట్టుకున్న ఇండ్ల వరస అది. ఏటి గాలి, మూరెడు మందం గోడలు, ఎండాకాలం కూడా చల్లదనం. ఇవాళ కరెంటు ప్లాంటు ఉద్యోగులు కిరాయికి ఎగబడుతున్నారు, పట్నం వాళ్లు నది కనిపించే గది కావాలంటున్నారు. మా కాలంలో అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఏరు ఎంత ఎత్తుకొచ్చిందో ప్రతి ఇంటి గోడ మీద మేకుతో గీత చెక్కి, ఎర్రటి జాజు పూసి ఉంచేవాళ్లు. ఇల్లు కొనడానికి వచ్చినా, కిరాయికి వచ్చినా, ముందు చెయ్యి ఆ గీత మీద పెట్టించేవాళ్లు. గీత ముట్టాకనే బేరం.

మొదట్లో నాకు ఆ సంగతి తెలియదు. బడి నాకు నాలుగో తరగతితోనే ముగిసింది. రంగు డబ్బాల కింద పరిచిన పేపర్లు చదివి మిగతా చదువు నేర్చుకున్నాను. పాతికేళ్లు కూడా రాని రోజుల్లో నర్సమ్మ నన్ను సున్నాలకు పిలిపించింది. అప్పటికే ముసలిది, మొగుడు పోయాడు, రెండు కండ్లకూ పొర కమ్మింది. ఇల్లు అమ్మేసి సూర్యాపేటలో బిడ్డ దగ్గర ఉందామని ఆశ. అక్కడైతే దవాఖాన దగ్గర, చెయ్యి పట్టి నడిపించే మనిషి ఉంటుంది. నేరేడుచర్ల నుంచి ఒక పంతులుగారు చూడ్డానికి వస్తున్నారని, జర మంచిగ కొట్టమని చెప్పింది. నేను మంచిగానే కొట్టాను. నడిమింటి గోడ మీద ఎర్రటి మరక కనిపిస్తే పాన్ మరక అనుకున్నాను. గాడి ఉంటే సున్నం ముద్ద పెట్టి పూడ్చి, మీద మూడు పూతలు వేశాను. ఎవరూ చెప్పకపోయినా చేసిన పని కదా, గర్వంగా కూడా ఉండింది.

పంతులుగారు వచ్చారు, చూశారు, నచ్చింది. "ఈ గదిలో పిల్లలిద్దర్నీ పడుకోబెడతానమ్మా, ఏటి గాలి వస్తది," అన్నారు. నర్సమ్మ నవ్వుతూ ఆయన చెయ్యి పట్టుకొని గోడ దగ్గరికి నడిపించింది. తన అరచేత్తో గోడ తడిమింది. కుడికి తడిమింది, ఎడమకు తడిమింది. ఆ మొహంలో నవ్వు ఆరిపోవడం నేను నిచ్చెన మీద నుంచి చూశాను.

"యాదిగా, గీత ఏది?"

"ఏ గీత పెద్దమ్మా? మరక ఉంటే తుడిపిన."

ఆమె పంతులుగారి వైపు తిరిగి, "సారూ, నా పెద్దపిల్ల సంకల ఉన్న యాడాది నీళ్లు నా మెడ దాక ఒచ్చినయి. పిల్లను నెత్తిన వెట్టుకొని పొద్దంత గీడనే నిలవడ్డ. గీత ఉండె, పిలగాడు తెల్వక మూసిండు. నోటితోని సెప్తున్న, ఇను," అంది.

పంతులుగారు గోడను చూశారు, గదిని చూశారు. "ఆలోచించి చెప్తానమ్మా," అని చెప్పులు వేసుకున్నారు. మళ్లీ రాలేదు.

నాకు ఒళ్లు మండింది. "బంగారమసొంటి బేరం. నీ నోరే నీకు శత్రువు పెద్దమ్మా. ఇగ కండ్లు లేకుంట గీడ ఒక్కదానివే పడి ఉండు," అన్నాను.

"ఉంట తియ్. గోడ మాట్లాడుతుంటె దాని నోట్ల సున్నం కొట్టినవ్. నువ్వా నాకు బుద్ధి సెప్పేది?" అంది. తర్వాత మెత్తబడి, "జాజు తే. మళ్ల గీద్దాం," అంది.

ఎక్కడ గియ్యాలి? గాడి ఎక్కడుందో నాకే ఆనవాలు చిక్కలేదు. ఆమె గోడకు వీపు ఆనించి నిలబడింది. మెడ దగ్గర జాజుముక్క పెట్టబోయాను. "ఆగు. నేను వంగిపోయిన కొడకా. నేను పొట్టిగైతే నీళ్లు పొట్టిగైతయా? నాలుగు వేళ్లు పైకి గియ్. తప్పు వోతే మీదికే పోవాలె, కిందికి పోవద్దు." నాలుగు వేళ్లు పెట్టి గీశాను. గీత దీపపుగూటి అడుగును తాకింది. నా భుజం ఎత్తుకు వచ్చింది. ముసలిదాని చాదస్తం అని నవ్వుకుంటూ గీశాను, అది కూడా దాచను.

ఆ మరుసటి వానాకాలం ఎగువన గేట్లు ఎత్తారు. నర్సమ్మను వాడకట్టు వాళ్లు మిద్దె మీదికి ఎక్కించారు. నీళ్లు తీశాక ఒండ్రు ఎత్తిపోయడానికి పారతో వెళ్లాను. నడిమింట్లో పార పక్కన పెట్టి గోడ చూశాను. నీటి చార నేను గీసిన గీతకు రెండే రెండు వేళ్ల కింద ఉంది. ఆమె వంగిన మెడ దగ్గర గీసి ఉంటే, ఆ గీత మునిగిపోయేది. పిల్లలిద్దర్నీ పడుకోబెడతానన్న గదిలో బురద కిటికీ దాకా పేరుకొని ఉంది. నర్సమ్మ మిద్దె మీది నుంచి, "ఏడి దాక ఒచ్చినయిరా?" అని అడిగింది. నేను చార నుంచి గీత దాకా వేళ్లు పెట్టి మళ్లీ కొలిచాను.

ఆమె సూర్యాపేట పోలేదు. ఆ ఇంట్లోనే పోయింది. తర్వాత బిడ్డ అమ్మినప్పుడు కూడా గీత ముట్టించే అమ్మింది. కొన్న కోదాడ ఆసామి గీత చూపించి ధర తగ్గించుకున్నాడు. ఇప్పుడు అదే మనిషి గీత మూసి అమ్ముతున్నాడు. ఇంతకంటే సిగ్గుమాలిన తెలివి నేను ఎక్కడా చదవలేదు, ఎక్కడా వినలేదు.

మొన్న నేను ఆ గోడ ముందు నిలబడి ఉండగానే ఓనరు బేరగాళ్లను తీసుకొచ్చాడు. చివ్వెంల వైపు జంట. అతనికి ప్లాంటులో ఉద్యోగం, ఆమె చంకలో పాప. నేను శేఖర్‌ను పక్కకు లాగాను.

"ఓనరు మూయమన్నడు, మూసిన నాయినా. గోడ ఆయినది."

"గోడ ఆయినదేరా. నీళ్లు ఎవరియి?"

పాపను ఎత్తుకున్న ఆ పిల్ల విన్నది. "ఏం నీళ్లు తాతా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఓనరు, "ఏంటి పెద్దాయనా, నీళ్లు అప్పుడెప్పుడో వచ్చినయ్ అండీ, ఇప్పుడు ఈ మాటలెందుకు?" అంటూ ఫోన్ చెవిన పెట్టుకొని బయటికి పోయాడు. నా చొక్కా జేబులో జాజుముక్క ఎప్పుడూ ఉంటుంది. దాని మరక పోదని నా పెండ్లాం సణుగుతూనే ఉంటుంది. అది తీసి శేఖర్ చేతికిచ్చి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. వాడు జాజుముక్కను చూసి, ఓనరు పోయిన వాకిలి వైపు చూశాడు. రేపటి నుంచి ఆ ఓనరు పని ఇవ్వడని వాడికి తెలుసు, నాకూ తెలుసు. చివరికి దగ్గరికి వచ్చి నా భుజానికి పైన నాలుగు వేళ్లు పెట్టాడు. చిన్నప్పటి నుంచి విన్న కథే కదా.

"గీత నా భుజం కాడ ఉండె. అప్పుడు నేను నిటారుగ ఉంటి," అన్నాను. "ఇంకో వేలు పెట్టు."

వాడు బొటనవేలు కూడా చేర్చి, ఆ పైన గీశాడు. తెల్లటి పుట్టీ మీద ఎర్రగా, కొంచెం వంకరగా వచ్చింది. ఆ పిల్ల పాపను మొగుడికి అందించి, ఎవరూ అడక్కుండానే వచ్చి గీత మీద చెయ్యి పెట్టింది.