ఫ్లోరెన్స్ కొత్త దవడ

విశాఖ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చదివే ఫ్లోరెన్స్‌కు 1983లో కింది దవడ ఎడమ పక్క వాచింది. పన్నుపోటనుకుని లవంగం పెట్టుకుంది. వాపు తగ్గకపోగా పళ్ళు కదలసాగాయి. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముకలో గడ్డ పెరుగుతోందన్నారు. ప్రాణానికి భయం లేదు గానీ ఆ ఎముక ముక్కనీ, దాని మీది పళ్ళనీ తీసేయక తప్పదన్నారు.

తీసేశారు. గాయం మానేసరికి గడ్డం ఒక పక్కకు ఒరిగిపోయింది. అన్నం పోయి జావ వచ్చింది. అంతకన్నా పెద్ద చిక్కు, పెదవులు కలవక 'మ' పలకదు. మల్కాపురం బస్సు నల్కాపురం వెళ్ళేది, మద్దిలపాలెం బస్సు నద్దిలపాలెం వెళ్ళేది. ప్రయాణికులు కంగారుపడుతున్నారని ఆమెను మైకు దగ్గరనుంచి లేపి, సామాన్ల గదిలో వేశారు.

కొన్ని నెలలకు సర్జన్ పిలిచి ఉన్న దారులు చెప్పాడు. ఇలాగే ఉండిపోవచ్చు. లేదా ఖాళీలో లోహపు పట్టీ బిగించవచ్చు, కానీ దాని మీద పళ్ళు నిలవవు. అదీ కాకపోతే, పక్కటెముకో తుంటి ఎముకో కొంత తీసి అక్కడ అతికించవచ్చు. అది పట్టుకుంటే కట్టుడు పళ్ళు పెట్టుకోవచ్చు.

పోర్టులో క్రేను నడిపే భర్త కృపాకర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నా పక్కటెముక తీసుకోండి డాట్రుగారూ. ఆడమనిసిని సేసింది మగాడి పక్కటెముకతోటేనని మా పాస్టరుగారు సెప్తారు."

సర్జన్ నవ్వాపుకుని, ఎవరి ఎముక వాళ్ళకే అతుకుతుందని వివరించాడు. కృపాకర్ చిన్నబోయాడు.

ఏది తీస్తే ఎక్కడ నొప్పో ఫ్లోరెన్స్ ఆరా తీసింది. పక్కటెముకైతే కొన్నాళ్ళు నవ్వినా నొప్పి, తుంటిదైతే నడిస్తే నొప్పి అన్నాడు సర్జన్. ఆమె ఏదో గొణిగింది. ఆయనకు అర్థంకాక భర్తవైపు చూశాడు. కృపాకర్ మొహమాటపడుతూ తర్జుమా చేశాడు.

"నాతోటి కాపరం సేత్తూ నవ్వకుండా ఉండలేదటండి. తుంటిదే తియ్యమంటంది."

ఎముక పట్టుకుంది. ఫ్లోరెన్స్ కొన్నాళ్ళు కుంటింది. మొదటి సెట్టు పళ్ళు వదులై, చర్చిలో పాట మధ్యలో ఒళ్ళో పడ్డాయి. వాటిని రుమాల్లో చుట్టుకుని మిగతా చరణం పళ్ళు లేకుండానే పూర్తి చేసింది. రెండో సెట్టు కుదిరింది. గడ్డం కాస్త వంకరగానే ఉండిపోయింది గానీ 'మ' తిరిగొచ్చింది, ఆమె మైకు దగ్గరికి తిరిగెళ్ళింది.

తరవాతి ఏడు సర్జన్ కబురుపెట్టాడు. స్టీల్‌ప్లాంటు కట్టుబడిలో పైనుంచి పడి దవడ పోగొట్టుకున్న అర్జునరావు అనే కుర్రాడు ఆపరేషనంటే వణికిపోతున్నాడట. ఫ్లోరెన్స్ వెళ్ళేసరికి ముఖానికి తువ్వాలు చుట్టుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు.

"ఇటు తిరిగి, నా దవడ ఒత్తి సూడు బాబూ," అంది. అతను భయంభయంగా ఒక వేలితో ఒత్తాడు.

"అది నా తుంటి."

అర్జునరావు వేలు చటుక్కున లాక్కున్నాడు. తువ్వాలు చాటున నవ్వుకు భుజాలు కదిలాయి. కాసేపటికి ముద్దముద్దగా అడిగాడు, ఇప్పుడు నొప్పి కూకుంటేనా, నవిల్తేనా అని.

"రెండిటికీ నేదు," అంది ఫ్లోరెన్స్, అతని పక్కన మంచం మీద కూర్చుంటూ.