చూడటానికి రాకూడని కూతురు

నర్సింగ్ చదివే రోజుల్లో తెల్లబట్టలు కట్టించి, చేతిలో కొవ్వొత్తి వెలిగించి పెట్టి మాతో ప్రమాణం చేయించారు. రోగి గుట్టు బయటపెట్టనని, రోగికి హాని చెయ్యనని. కొవ్వొత్తి మైనం వేళ్ళ మీద పడి చుర్రుమంటుంటే నా ధ్యాసంతా దాని మీదే. ఆ మాటల్లో ఒకదాన్ని నిలబెట్టుకోవాలంటే ఇంకోదాన్ని తొక్కాల్సిన రోజు వస్తుందని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఏం లాభంలే, పరీక్షకు వచ్చే ప్రశ్న కాదది.

మార్కాపురంలో నేను పనిచేసే ప్రైవేటు ఆస్పత్రికి కొమరోలు వైపు నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. బోరు నీళ్ళను నమ్ముకున్న రైతు. కళ్ళు పచ్చగా పసుపు పూసినట్టున్నాయి. వెంట ఇద్దరు కొడుకులు. స్కానింగులో కాలేయం నిండా క్యాన్సరని తేలింది. డాక్టరుగారు కొడుకులిద్దరినీ గదిలోకి పిలిచి, తలుపు మూసి చెప్పారు. మా వైపు పద్ధతే అంత. జబ్బు ఎవరిదో వాళ్ళకు తప్ప అందరికీ చెబుతాం.

పెద్దకొడుకు మొహం తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టరూ, నాయనకు కామెర్లని చెప్పినాము. మీరు గూడా అట్లే చెప్పండి. తెలిసిందంటే ఆ పొద్దే పోతాడు."

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు గానీ, ఒక చావు చెయ్యమని ఎవరూ అనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ కొడుకులు చెడ్డవాళ్ళయితే అనేసేదాన్నే. కారు. తండ్రి కాళ్ళు పడుతూ రోజంతా మంచం దగ్గరే కూర్చునేవాళ్ళు. అదే నా ఏడుపు.

పెద్దాయన కామెర్లేనని నమ్మాడు. నమ్మి నిష్ఠగా పథ్యం పట్టాడు. ఉప్పు లేని మజ్జిగన్నం తప్ప ఏమీ ముట్టడు. పక్క మంచం వాళ్ళు కూర క్యారియరు విప్పితే ఆ వాసన పీల్చి, "కానీలే తల్లీ, నయమైనాక మేమూ తింటాము" అనేవాడు. నాకు ఆ గిన్నె తీసి గోడకేసి కొట్టాలనిపించేది. నోటికి రుచైంది తిని పోవాల్సిన మనిషి చేత చప్పిడి కూడు తినిపిస్తున్నాం, మర్యాదగా, అందరం కలిసి.

కూతురి సంగతి ఆయనే చెప్పాడు, నేను సెలైన్ పెడుతుంటే. గిద్దలూరులో ఉంటుందట. కూలికి పోయే క్రైస్తవుల ఇంటి పిల్లవాణ్ణి చేసుకుని వెళ్ళిపోయిందట. అప్పటి నుంచి మాటల్లేవు.

"నయమైనాక నేనే పోయి చూసొస్తా. గిద్దలూరు ఏమంత దూరం, బస్సెక్కితే" అన్నాడు.

మాదీ అలాంటి ఇల్లేనని ఆయనకు తెలుసు. నా చేతి నీళ్ళు తాగుతూనే చెప్పాడు ఆ మాట. నాకు కోపం రావాలి. ఆ కళ్ళు చూశాక రాలేదు.

ఎవరి ద్వారా తెలిసిందో, ఒకరోజు మధ్యాహ్నం ఆ కూతురు వచ్చింది. నేను మందుల కోసం కిందికి దిగేసరికి మెట్ల దగ్గర పెద్దన్న అడ్డం నిలబడి ఉన్నాడు.

"నువ్వు పైకి రాబాక."

"ఒక్కసారి చూసి పోతానన్నా."

"మాటల్లేని బిడ్డ వచ్చిందంటే ఆయనకు తెలీదా? పొయ్యే కాలం వచ్చిందని ఆడనే గుండె ఆగిపోతుంది."

అతను అన్నది అబద్ధం కాదు. మా ఊళ్ళల్లో మాటలు తెగిన వాళ్ళు మళ్ళీ కలిసేది చావు దగ్గరే. పెళ్ళికి రారు, పురుడుకు రారు. చావుకు మాత్రం వస్తారు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. అందుకే అలాంటి చుట్టం వచ్చి మంచం పక్కన నిలబడితే, పడుకున్న మనిషికి ఇక డాక్టరు చెప్పాల్సింది ఏమీ ఉండదు.

ఆమె వెళ్ళిపోలేదు. మందుల దుకాణం ముందు పలకరాతి బండ మీద కూర్చుంది. నన్ను చూసి లేచింది.

"అక్కా, నాయనకు ఏంది జబ్బు?"

"అది నేను చెప్పకూడదమ్మా."

"నేను బిడ్డనక్కా."

బిడ్డవైనా సరే, రోగి అనుమతి లేకుండా చెప్పకూడదు. రోగికేమో చెప్పే అధికారం నాకు లేదు, డాక్టరే చెప్పాలి. కక్కలేక మింగలేక అంటారే, అదేమిటో ఆ బండ దగ్గర తెలిసింది.

నేరుగా డాక్టరుగారి గదికి వెళ్ళాను. "సార్, ఆయనకు తెలివుంది. ఎవరిని చూడాలో చెప్పాల్సింది ఆయన, కొడుకులు కాదు. జబ్బు సంగతి మీరు చెప్పండి. చట్టమూ అదే కదా" అన్నాను.

"చట్టం నాకు తెలీదామ్మా? చెప్పిన మర్నాడు ఆయన పోయినాడనుకో, మీరే చంపినారని ట్రాక్టర్లేసుకుని ఊరంతా వస్తుంది. అప్పుడు చట్టం వచ్చి అద్దాలకు అడ్డం నిలబడుతుందా?"

నేను చేరిన కొత్తలో పగిలిన అద్దాలు ఊడ్చింది నేనే. నా మొహం చూసి, కొడుకులతో మాట్లాడతాలే అన్నారు. మాట్లాడారు కూడా. రేపు చూద్దాం సార్ అన్నారు వాళ్ళు.

సాయంత్రం మందులివ్వడానికి పోతే పెద్దాయన, "నాకోసం ఎవురన్నా వచ్చినారా తల్లీ?" అని అడిగాడు.

ఆశ పుట్టింది నాకు. కూతుర్ని చూడాలని ఆయన నోటితో ఆయనే అంటే చాలు. రోగి కోరిక అది. ఏ అన్న అడ్డం వచ్చినా చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చేదాన్ని.

"ఎవరిని చూడాలనుంది పెదనాయనా? గిద్దలూరు బిడ్డనా? ఒక్క మాట చెప్పు, పిలిపిస్తా."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "వద్దొద్దు! అది రాలేదంటేనే నాకేం కాలేదని. నేను అదే చూసుకుంటా ఉండా. వచ్చిందంటే భయపడాల గానీ." అని గుండెల నిండా ఊపిరి పీల్చి నవ్వాడు. ఆస్పత్రిలో చేరాక ఆయన అంత ధైర్యంగా నవ్వడం అదే మొదలు.

ఇంకేం అనను? తెలివిలో ఉన్న రోగి తన నిర్ణయం తాను చెప్పాడు. చట్టం ప్రకారం అంతా సక్రమం. ఆ నిర్ణయం కింద పరిచిన అబద్ధం మాత్రం మా అందరిదీ. నేను కిటికీ తలుపు వేశాను, అక్కడి నుంచి చూస్తే ఆ బండ కనిపిస్తుందని.

తెల్లారేసరికి ఆయనకు తెలివి తప్పింది. పెద్దకొడుకే కిందికి పరిగెత్తి, రాత్రంతా ఆ బండ మీదే ఉన్న చెల్లెల్ని పైకి తీసుకొచ్చాడు. "నాయనా, నేను వచ్చినా" అని ఆమె చెవి దగ్గర ఎంత పిలిచినా ఆ కళ్ళు తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి పోయాడు. వ్యాన్ ఎక్కించేటప్పుడు ఆమెను తల దగ్గర కూర్చోమన్నారు అన్నలే. ఇప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు.

ఎక్కబోతూ ఆమె నా వైపు తిరిగింది. "నన్ను అడిగినాడా అక్కా?"

"అడిగినాడు."

"ఏమని?"

నువ్వు రాలేదని సంతోషపడ్డాడని ఎలా చెప్పను? అబద్ధం చెప్పకూడదని అందరితో పోట్లాడిన నేను, ఉన్న నిజాల్లో చెప్పగలిగిన దాన్ని వెతుక్కున్నాను.

"నయమైనాక గిద్దలూరు వస్తానన్నాడమ్మా, నిన్ను చూడటానికి."

అప్పటిదాకా ఏడవని మనిషి వ్యాన్ తలుపు పట్టుకుని కూలబడింది.

"గిద్దలూరు దాకా ఎందుకక్కా" అంది. "నేను కిందనే ఉంటినే."