అమ్మ అన్న ఆమెన్

మా చర్చి సంఘంలో సినిమా చూసినవాళ్లకి ఆ ఆదివారం ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేవారు కాదు. బెజవాడలో సినిమా హాళ్లకు కొదవ లేదు, మా అయ్యగారికి కబుర్లు మోసేవాళ్లకూ కొదవ లేదు. అయ్యగారంటే మా పాస్టరు. హాలు ముందు కాసేపు నిలబడినా ఆయనకు తెలిసిపోయేది. అలాంటి సంఘంలో ఆడపిల్లనై పుట్టి, సినిమాలు తీయాలనుకున్నాను. నా ఖర్మ!

ఆ పిచ్చి అంటించింది కూడా సంఘమే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికా దొరసాని ఒకావిడ ఉయ్యూరు చుట్టుపక్కల పల్లెల్లో తెల్లదుప్పటి కట్టి యేసుప్రభువు బొమ్మలు ఆడించేది. మెషీను పక్కన నిలబడి రీళ్లు చుట్టిపెట్టేదాన్ని నేనే. దుప్పటి మీద ఆడితే సువార్తట, హాల్లో ఆడితే పాపమట. ఆ తేడా ఇప్పటికీ నా బుర్రకెక్కలేదు.

యుద్ధం అయిపోయాక, మద్రాసులో ఫిజిక్సు చదువుతూ, అమెరికాలో సినిమా నేర్పే కాలేజీ ఒకదానికి రాశాను. మద్రాసులో చదివిన రెండేళ్లూ లెక్కలోకి తీసుకుని నేరుగా మూడో ఏట చేర్చుకుంటామనీ, ఫీజు కూడా అక్కర్లేదనీ జవాబొచ్చింది. ఇక ఒక్కటే కావాలన్నారు. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన పెద్దమనిషెవరైనా నా నడవడిక మంచిదని రాసి, తన చేత్తోనే పోస్టు చేయాలి. నాన్న లేడు. అమ్మ మిషను ఆస్పత్రిలో నర్సు. మాకు అయ్యగారు కాక పెద్దమనిషి ఇంకెవరు? సెలవులకు ఇంటికొచ్చి ఆయన దగ్గరికే వెళ్లాను.

"అమెరికా చదువా అమ్మాయ్? టీచరు ట్రైనింగే కదూ! శుభం" అన్నారాయన. నేను నోరు తెరిచేలోపే కలం మూత తీశారు. నాలుగు మంచి మాటలు రాసి, సోమవారం పోస్టులో వేస్తానని సంచిలో పెట్టుకున్నారు.

అయ్యగారే రాసిచ్చారంటే సినిమా చదువైనా తప్పు కాదనుకుని అమ్మ సంతోషం పట్టలేకపోయింది. మాలో మేలు జరిగితే కృతజ్ఞతా కూడిక పెట్టాలి. సంఘాన్ని ఇంటికి పిలిచి, పాటలు పాడి, దేవుడు చేసిన మేలు గురించి నిలబడి సాక్ష్యం చెప్పాలి.

"ఇప్పుడే వద్దమ్మా, ఓడెక్కాక పెట్టుకో" అన్నాను.

"ఇంత మేలు జరిగితే నోరు మూసుక్కూచుంటామటే?" అని ఆ ఆదివారం సాయంత్రమే గుణదలలో మా ఇంట్లో చాపలు పరిచి, పులిహోర కలిపింది.

సాక్ష్యంలో దేన్నీ దాచకూడదు. మా అమ్మ అసలే దాచే మనిషి కాదు. లేచి, తల నిండా కొంగు కప్పుకుని, "నా బిడ్డ అమెరికాలో సినిమాలు తీయడం నేర్చుకోడానికి పోతందండీ. ఫీజు కూడా వద్దన్నారండీ. దేవుడికే స్తోత్రం!" అంది. తిరిగి స్తోత్రమన్నవాళ్లు ఒక్కరు లేరు.

అయ్యగారు నన్నొక్క మాట అడగలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. "ప్రభువా, సాతాను ఈ బిడ్డకు తెరిచిన తలుపును నీవే మూసివేయుము. ఈమెను ఆ ఓడ ఎక్కనీయకుము" అన్నారు. అలాగే జరగాలని అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కనే కూర్చున్న అమ్మ అందరికన్నా గట్టిగా అంది.

తలుపు మూయడానికి దేవుడి దాకా ఎందుకు? ఉత్తరం ఆయన సంచిలోనే ఉంది. బయటికి తీసి, నా ఎదుటే చింపి, పులిహోర తిని వెళ్లారు.

గిన్నెలు కడుగుతున్న అమ్మ మీద విరుచుకుపడ్డాను. "నా నోట్లో మట్టి కొట్టడానికి ఆయనొక్కడు చాలడా, నువ్వు కూడానా?"

"అయ్యగారు ప్రార్థన చేస్తే ఆమెన్ అనకుండా ఎట్టా ఉంటానే?"

"ఆయనేం అడిగాడో విన్నావా?"

"విన్నా. నోటికొచ్చేసిందే తల్లీ" అని ఏడ్చింది. ఆ ఏడుపుకి కూడా నాకు జాలి కలగలేదు.

ఆయన్ని కాదని రాసిచ్చే మనిషి మా వాళ్లలో దొరకలేదు. గడువు దాటిపోయింది. చివరికి నేను చేసింది టీచరు ట్రైనింగే, అదీ బెజవాడలోనే. అయ్యగారి ప్రార్థనకు బలం లేదని ఎవరనగలరు!

చర్చికి పోవడం మాత్రం మానలేదు. పోతాను, పాడతాను. ప్రార్థన చివర నోరు విప్పను. అమ్మ ఉన్నన్నాళ్లూ పక్కన కూర్చుని మోచేత్తో పొడిచేది. అమ్మను సమాధి చేసిన రోజున కూడా అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.