కొమారోమ్ కోసం ప్రార్థన

మా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే హంగేరీ ఆవిడ మా చెల్లిని వాళ్ళూరు రమ్మంది. అక్కడి వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగమట. ఇదేదో తేడాగా ఉందని నాకు మొదటి రోజే అనిపించింది. ఒమాన్ సరిహద్దులోని ఈ బురైమిలో ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి, ఒకే రూమ్, ఒకే కుక్కర్లో అన్నం. ఉన్నట్టుండి దీనికి హంగేరీ ఏమిటి?

అసలు మీ ఊరేదని ఆవిణ్ణి నిలదీశాను. కొమారోమ్ అంది. ఫోనులో వెతికితే డాన్యూబ్ నదికి అవతల, స్లొవాకియాలో, కొమార్నో అని ఇంకోటి కనిపించింది. ఇదేమిటంటే తడుముకోకుండా చెప్పింది. ఒకప్పుడు డాన్యూబ్‌కి రెండు వైపులా ఒకే ఊరట. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక నదినే సరిహద్దు చేసేశారట. పాత బజారంతా అవతలి దేశానికి పోయిందట. రైల్వే స్టేషనున్న ఇవతలి ఒడ్డుకి ఊరి పేరు మిగిలిందట. వాళ్ళ ముత్తవ్వకి ఇల్లు కదలకుండానే దేశం మారిందట! ఆ పేరుకి దోమ అని అర్థం చెప్పేవాళ్ళూ ఉన్నారని నవ్వింది కూడా. ముందే వల్లె వేసుకొచ్చినట్టుంది. అంత గడగడా చెప్పేవాళ్ళంటే నాకు పడదు.

"ఒక ఊరికి రెండు దేశాలేంటే? నీ చెవిలో పువ్వు పెడతంది," అన్నాను రూమ్‌కి రాగానే.

"అయ్య బాబోయ్, మరి మన యానాం ఏంటక్కా? ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరి అంటే ఎవరన్నా నమ్ముతారా? అంతెందుకు, ఆ కంచె అవతల అల్ ఐన్ వేరే దేశం కాదా ఏంటి?"

"దోమలూరంట. కోనసీమలో కుట్టించుకుంది చాల్లేదా?"

అది నవ్వలేదు. నా అనుమానం ఇంకా పెరిగింది.

శుక్రవారం సెలవు కాబట్టి తోటి తెలుగువాళ్ళతో మా రూమ్‌లో ప్రార్థన. చెల్లి ఆవిణ్ణి కూడా పిలిచింది. మావాళ్ళకో అలవాటుంది. మొహం మీద అనలేనిది కళ్ళు మూసుకుని దేవుడికి చెబుతారు, వినవలసినవాళ్ళు పక్కనే కూర్చుని ఉంటారు. నేనూ గొంతెత్తాను.

"ప్రభువా, తియ్యటి మాటలు చెప్పి ఆడపిల్లల్ని దూరదేశాలకి లాక్కుపోయేవాళ్ళని నువ్వెరుగుదువు. నా చెల్లి కళ్ళు తెరువు తండ్రీ."

తెలుగు ముక్క రాని హంగేరీ ఆవిడ అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత చెల్లి అందుకుంది. దెబ్బకి దెబ్బ కొడుతుందనుకున్నాను.

"ప్రభువా, మా అక్కకి ఆ ఊరి మీద అనుమానం లేదయ్యా. నేను పక్కన లేకపోతే ఎలా బతకాలా అని భయం. నాకూ అదే భయం తండ్రీ. మా ఇద్దరికీ అది తీసెయ్యి. నన్ను వెళ్ళనివ్వు."

అందరూ ఆమెన్ అన్నారు. మా రూమ్‌లో ప్రార్థన ముగించేది నేనే కాబట్టి, కళ్ళు మూసుకునే నా ఆమెన్ కోసం ఆగారు. ఆమెన్ అనకుండానే కళ్ళు తెరిచి చెల్లి వైపు చూశాను.