వాసన చూసి పీకు

పొద్దున కుండీలో ఒక ఆకు తుంచి నలిపితే పచ్చిగడ్డి వాసన తప్ప ఏమీ రాలేదు. పక్క మొక్క ఆకు నలిపాను. చామంతి ఘాటు గుప్పుమంది! దాంతోపాటే రాజవ్వ పెద్దమ్మ గొంతు చెవిలో మోగింది. మా కోసాడ్ కాలనీలో ఆమె నోరు విప్పితే ఎవరైనా సర్దుకోవాల్సిందే. చుట్టం కాదు, పక్కింటావిడ. సిరిసిల్ల వైపు నుంచి కొత్త కోడలిగా సూరత్‌లో దిగిన నాకు హిందీ రాదు, గుజరాతీ అంతకన్నా రాదు. చీరలకు రాళ్లంటించే పని, కూరగాయల బండి దగ్గర బేరం, అన్నీ ఆమే నేర్పింది. ఎవరికీ జంకొద్దని కూడా నేర్పింది. ఆ చదువు మొదట ఆమె మీదే చూపించాల్సి వస్తుందని నేననుకున్నానా?

నేను కాపురానికొచ్చిన ఏడే, తొలి వానలకు ముందు ఆమె ఊరి నుంచి చామంతి పిలకలు తెచ్చింది. తడిగుడ్డలో చుట్టి, రైల్లో దారంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. వాళ్లమ్మ బతికుండగా పెంచిన చెట్టు అది. ఆమె పోయాక నీళ్లు పోసే దిక్కులేక ఎండిపోతుంటే, మిగిలిన కాసిని పిలకలూ తవ్వుకొచ్చింది.

"ఇవి పోతె మా అమ్మ చామంతి ఇగ లేనట్టే," అంటూ, రంగుల మిల్లు నుంచి తెచ్చిన నీలం డ్రమ్మును సగానికి కోయించి వరండాలో నాటింది. ఈసారి బతుకమ్మకు బజారు చామంతి ఎవరూ కొనొద్దని మా అంతస్తంతా చాటింపు కూడా వేసింది.

వానలకు డ్రమ్ము నిండా పచ్చగా కమ్ముకుంది. చీలికల ఆకులు, చూడ్డానికి అచ్చం చామంతే. పెద్దమ్మ రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసి మురిసిపోయేది. ఆడవాళ్లంతా వచ్చి చూసి ఆహా అనేవారు, పక్కకు పోయి గుసగుసలాడుకునేవారు. నాకు నోరు ఆగదు కదా!

"పెద్దమ్మా, గిది చామంతి గాదు. వయ్యారిభామ గడ్డి."

"ఏందీ? నిన్న మొన్న వచ్చిన పోరివి, మా అమ్మ చెట్టును గడ్డంటవా? నడు ఇంట్లకి!"

ఇక నాతో మాటల్లేవు. నన్ను చూస్తే తలుపు ధడాలున వేసేది. మా ఇంట్లో కూర్చుని ఎంత ఏడ్చానో! ఆ ఊళ్లో నాకున్నదే ఆమె ఒక్కతె.

బతుకమ్మ దగ్గర పడుతుండగా డ్రమ్ములో పూలు విచ్చాయి. తెల్లగా, సన్నగా, పిండి చల్లినట్టు. కింది అంతస్తు జశుబెన్ మెట్లెక్కుతూ చూసి, "అరే, ఆ తో గాజర్ ఘాస్ ఛే!" అనేసింది. ఆమె భాషలోనూ అది గడ్డే.

పెద్దమ్మ వరండాలో చేరిన ఆడవాళ్లందరినీ కలయజూసింది. "మీకందరికి ఎరుకేనా?"

"ఎరుకే గని, నీకు చెప్పనీకె భయమైంది అవ్వా," అంది ఒకావిడ చివరికి.

"మరి గీ పోరికి గాలేదు గద భయం!" అంటూ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే బిడ్డా. గడ్డిని సాకి మా అమ్మ చెట్టును చంపుకున్న." ఆమె కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదలు. వంగి గుప్పిళ్లతో పీకెయ్యబోయింది.

"జర ఆగు పెద్దమ్మా, వాసన చూసి పీకుదం," అన్నాను.

ఇద్దరం డ్రమ్ము పక్కన చతికిలబడ్డాం. ఒక్కో ఆకు నలపడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, పీకి పారేయడం. చేతులు ఒకటే దురద, తుమ్ముల మీద తుమ్ములు. చివరికి అంచున, గడ్డి నీడలో పాలిపోయిన బుల్లి మొక్క ఒకటి మిగిలింది. పెద్దమ్మ దాని ఆకు నలిపి, వేళ్లు నా ముక్కు దగ్గర పెట్టింది. చామంతి! నవ్వామో ఏడ్చామో మాకే తెలియదు.

ఆ ఏడు బతుకమ్మను బజారు బంతిపూలతోనే పేర్చాం. చామంతి దీపావళి దాటాక తీరిగ్గా, పసుపుపచ్చగా పూసింది. దాని మొదటి పిలక పెద్దమ్మ నాకే ఇచ్చింది. ఇప్పుడామె సిరిసిల్లలో కూతురి దగ్గర హాయిగా ఉంది. ఫోన్ చేస్తే నాకంటే ముందు చెట్టు క్షేమం అడుగుతుంది.

ఇంతకీ పొద్దున నేను ఆకులు నలపడానికి కారణం పక్కింటికొచ్చిన కొత్త కోడలు. నా కుండీలోకి తొంగిచూసి, "అక్కా, గిండ్ల సగం గడ్డే ఉన్నట్టుంది," అంది. ఇన్నేళ్లుగా చామంతి పెంచుతున్నదాన్ని, నాకు చెప్తుందా! 'నడు ఇంట్లకి' అనబోయి ఆగాను. మొదటి ఆకు నలిపాను, రెండోది నలిపాను.

"నిజమే పిల్లా," అని పక్కకు జరిగి చోటిచ్చాను. "కూసో. వాసన చూసి పీకు."