గ్రేసమ్మ టీచర్ దగ్గర నా శనివారాలు

మొన్న బీరువాలోంచి పిల్లల స్వెట్టర్లు తీస్తుంటే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఇక మనసు బట్టల మీద నిలవలేదు. నాకు ఆ వాసన అంటే గద్వాల చర్చిలో ఓ మూలకున్న పాత పియానో, దాని ముందు గ్రేసమ్మ టీచర్. ఎలుకలూ పురుగులూ చేరతాయని ఆమె పియానో లోపల కలరా ఉండలు వేసేవారు. వానాకాలంలో కొన్ని మీటలు నొక్కితే దిగి, మళ్ళీ లేచేవి కావు. వాటిని గోరుతో పైకి లాగుతూ, పిల్లల్ని తిట్టినట్టే తిట్టేవారు. ఆమె నోరు పెద్దది. సర్కారు బడిలో పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధనలో పాటలకు వాయించేవారు, మిగతా రోజుల్లో ఎవరొచ్చి అడిగినా నేర్పేవారు. నేను అడగను కూడా లేదు. మాది కూలి కుటుంబం, అడగాలన్న ఊహే ఉండేది కాదు. ఆమే ఒకసారి నా చెయ్యి పట్టుకుని చూసి, "వేళ్ళు మంచిగున్నయే పిల్లా, శనివారం నాలుగింటికి రా" అన్నారు. వారమంతా ఆ గంట కోసమే ఎదురుచూసేదాన్ని.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. అమ్మానాన్న ఇళ్ళు కట్టే పనికి బొంబాయి పోతూ, తమ్ముణ్ణి చూసుకోవడానికి నన్నూ తీసుకుపోయారు. టీచరుకు చెప్పే వ్యవధి కూడా లేదు. అక్కడ తమ్ముణ్ణి చూసుకుంటూనే ఇటుకలు మోశాను, చేతులు కాయలు కాశాయి. మళ్ళీ తొలకరికి ఊరు చేరేసరికి, పియానో ఇక నా వల్ల కాదులే అనిపించింది. ఆ మాట అనుకుంటేనే ఏడుపొచ్చేది. మానేస్తున్నానని చెప్పి వచ్చేద్దామని శనివారం నాలుగింటికి చర్చికి పోయాను. పియానో దగ్గర టీచర్ ఒక్కరే కూర్చుని ఉన్నారు. కళ్ళద్దాలు సర్దుకుని నన్ను చూసి, "ఏందే, గింత ఆలస్యమైంది?" అన్నారు, నేనేదో పావుగంట ఆలస్యంగా వచ్చినట్టు.

"నేను మానేస్త టీచర్. అంత మర్చిపోయిన."

"మర్చిపోయింది నాకెందుకే? యాదికున్నదేందో గది వాయించు."

"ఏం యాదికి లేదు."

"అట్లెట్లుంటది? ముందుగాల కూసో."

కూర్చున్నాను. కుడిచెయ్యి ఎంత తడుముకున్నా ఏమీ దొరకలేదు. ఎడమచెయ్యి మాత్రం ఒక క్రిస్మస్ పాటకు కింద పట్టే స్వరాలను దానంతటదే పట్టుకుంది. టీచర్ మారుమాట లేకుండా పక్కకు జరిగి, కుడిచేతి పాట తాను అందుకున్నారు. మధ్యలో తప్పాను. ఆమె ఆగలేదు, నేను దారిలో పడేదాకా కాస్త నెమ్మదించారంతే. పాట అయ్యాక, "సగం ఉన్నది గద. ఇంక సగమే నేర్సుకునేది" అన్నారు. ఆ మాటతో బతికిపోయాను. ఆమె గనక మొదటి పుస్తకం తీసి మళ్ళీ ఓనమాలు దిద్దించి ఉంటే, నేను ఇంకోసారి ఆ గడప తొక్కేదాన్ని కాదు.

ఇప్పుడు నేను వనపర్తిలో పిల్లలకు పియానో పాఠాలు కీబోర్డు మీద చెబుతున్నాను. కొత్తలో ప్రతి చిన్నదానికీ హైరానా పడి, పెబ్బేరు మీదుగా బస్సెక్కి గద్వాలకు పరుగెత్తేదాన్ని. సంత రోజయితే పెబ్బేరులో బస్సు కదిలేది కాదు, నా ప్రశ్నలు ఇంకో నాలుగు పెరిగేవి. పిల్లలు ఇంట్లో సాధన చేయడం లేదని మొరపెట్టుకుంటే, "ఇంట్ల కీబోర్డు ఉన్నదా, ఉంటే మోగనిస్తున్నరా, గది అడిగినవా?" అనేవారు. తప్పు వేలు పెడితే ఆపాలా అంటే, "పాట అయిపోనియ్. అయినంక ఒక్క తప్పే చెప్పు. అన్ని చెప్తే ఒక్కటి గూడ ఇనరు." పాట ఎప్పుడొస్తుందని తల్లిదండ్రులు నా ప్రాణం తీస్తున్నారంటే నవ్వారు. "మొదటి దినమే చిన్న ముక్కన్న నేర్పి పంపు. ఇంట్ల వాళ్ళకు గూడ జర సంబురముండాలె గదనే."

అలాంటి ఒక రోజే అడిగాను, "నెలల తరబడి రాని పిల్లల టైమ్ వేరేవాళ్ళకియ్యొచ్చా టీచర్?" అని.

ఆమె నా వైపు తిరిగారు. "నీ శనివారం నేను ఎవలకన్న ఇచ్చిననా?"

ఆమే లేచి గ్లాసులోకి టీ వంపారు.

"మీరెప్పుడు మర్లొస్తరో నాకేం తెల్సు? నువ్వొచ్చిననాడు గా కుర్చీల ఇంకో పిల్ల కూసోనుంటే, వాకిట్లకెల్లే మర్లిపోదువు" అని, టీ గ్లాసు నా చేతిలో పెట్టి వేరే మాటల్లో పడ్డారు. నేను బొంబాయిలో ఇటుకలు మోసినన్నాళ్ళూ ఆమె ప్రతి శనివారం నాలుగింటికి వచ్చి, నా కోసం ఆ పియానో ముందు ఒక్కరే కూర్చున్నారన్నమాట. నేను వస్తానని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నా జన్మలో నా కోసం అంతగా ఎదురుచూసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

పోయిన ఏడాది టీచర్ కన్నుమూశారు. నా దగ్గర నేర్చుకునే కావ్య, తల్లిని హైదరాబాదు దవాఖానాలో చేర్చాక అక్కడే తోడుండిపోయింది. ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. దాని టైమ్ మంగళవారం ఐదింటికి. "గా టైమ్ ఖాళీనే గద మేడం, మా బాబుకియ్యరాదుండ్రి?" అని ఒకాయన మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. ఖాళీ లేదండీ అన్నాను. మంగళవారం ఐదింటికి నేనొక్కదాన్నే కూర్చుని, అది సగంలో వదిలిపోయిన పాట వాయిస్తాను. ఎడమచేతి భాగం మాత్రమే. కుడిచేతిది కావ్యది.