తలుపు పక్క సీటు

బోధన్–నిజామాబాద్ దారిలో నేను చాలా ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేశాను. సీట్ల గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదన్న పొగరు అప్పట్లో నాకు దండిగా ఉండేది. చెరుకు నరికే రోజుల్లో బస్సు కిక్కిరిసిపోయేది. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో టికెట్టు చేతిలో పెట్టేలోపే తేల్చేసేవాణ్ణి. నిండు చూలాలికి, కాలు బాగాలేనివాళ్లకు తలుపు పక్క సీటు. దాని ముందు మరో సీటు ఉండదు, కాలు చాపుకోవచ్చు, దిగడం సులువు. గట్టిగా ఉన్న మనిషెవరైనా అందులో కూర్చుంటే, "లే అన్నా, నీ కాళ్లు మంచిగనే ఉన్నయి గదా" అని లేపేవాణ్ణి. గొణుక్కుంటూనైనా లేచేవాళ్లు.

ఆ తెలివే తర్వాత ఒకరోజు విమానంలో నలుగురి ముందు నా పరువు తీసింది.

మా అక్కకు కుడి మోకాలు వంగేది కాదు. కోటగిరి దగ్గర చెరుకు బండి బోల్తాపడి తొడ ఎముక విరిగింది. నెలల తరబడి కట్టు కట్టి ఉంచితే ఎముక అతుక్కుంది గాని మోకాలు బిగుసుకుపోయింది. పదకొండేళ్లు అలాగే ఉంది. చర్చిలో బెంచీ చివర కూర్చుని కాలు దారిలోకి చాపుకునేది. వచ్చేపోయేవాళ్లంతా దాన్ని దాటుకుంటూ పోవాలి. ప్రతి ఒక్కరికీ "జర పైలం అమ్మా, జర పైలం అయ్యా" అని చెబుతూనే ఉండేది. పైకి నవ్వేది. ఒకనాడు మాత్రం నాతో, "నలుగురి లెక్క కాళ్లు దగ్గరికి తీస్కొని ఓ మూలకు కూసోవాలని ఉంటదిరా తమ్మీ, గంతే" అంది. ఆ "గంతే" అన్న మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది.

మద్రాసు అవతల ఒక మిషన్ ఆసుపత్రిలో ఇలాంటి మోకాళ్లకు ఆపరేషన్ చేస్తారని పాస్టరుగారు చెప్పారు. వెళ్లాం. హైదరాబాదు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. రైల్లో ఇద్దరికీ కలిపి ఒకటే బెర్తు దొరికింది. ప్రయాణమంతా అక్క కాలు కిందికి పెట్టుకునే కూర్చుంది. ఆసుపత్రిలో డాక్టరు ఆమె కాలి మీద బొటనవేలితో నొక్కి తీశారు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఇంత వాపు మీద కత్తి పెట్టలేనని చెప్పి, తగ్గాక రమ్మన్నారు. ఆ పెద్దాయన ఆ నెలాఖరుకు ఉద్యోగం నుంచి దిగిపోతున్నారు. అంటే మాకు మిగిలింది ఒకటే ప్రయాణం. ఆ ప్రయాణంలో కాలు వాయకూడదు.

అందుకే విమానం. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ విమానం ఎక్కలేదు. నిజామాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని టికెట్లు తీశాను. టికెట్టు రేటు చూసి ఫర్వాలేదనుకున్నానో లేదో, ఒకదాని వెనక ఒకటి కొత్త పేజీలు రావడం మొదలైంది. ముందు ఎక్కుతారా, ఇంత. భోజనం కావాలా, ఇంత. బీమా, ఇంత. బోధన్ బస్టాండులో బస్సు ఆగగానే పల్లీలవాళ్లు, కీరదోసకాయలవాళ్లు కిటికీల మీద పడతారే, సరిగ్గా ఆ గోలే. నాకు ఒళ్లు మండింది.

"అన్నీ వద్దని కొట్టు అన్నా. గివన్నీ పైసలు గుంజుడు పనులు. అందరు వద్దనే కొడతరు" అన్నాడు సెంటరు యజమాని.

నేనూ అన్నీ వద్దనే కొట్టుకుంటూ పోయాను. చివర్లో విమానం బొమ్మ వచ్చింది. మధ్యలో ఒక వరుసకు వేరే రంగు వేసి, కాళ్లకు ఎక్కువ చోటు ఉంటుందని రాసి ఉంది. పక్కనే తలుపు బొమ్మ. చూడగానే ప్రాణం లేచొచ్చింది. తలుపు పక్క సీటు! ఇది నాకు తెలియనిదా? "ఇది మాత్రం తీస్కుంట" అన్నాను. అతను నన్ను ఒక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. కింద ఏవో షరతులు చిన్న అక్షరాల్లో బారెడు ఉన్నాయి. ఒప్పుకుంటున్నానని గడిలో టిక్కు పెట్టి రెండు సీట్లకూ డబ్బు కట్టించాను. బయటికొచ్చి మీసం దువ్వుకున్నాను కూడా.

హైదరాబాదు దాకా జీపు వెనక సీట్లో అక్కను అడ్డంగా పడుకోబెట్టి తీసుకెళ్లాను. విమానాశ్రయంలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కౌంటరు దగ్గరికి నేనొక్కణ్ణే పోయి బోర్డింగ్ పాసులు తెచ్చాను. అందుకే అక్కడ ఎవరూ పట్టుకోలేదు. విమానంలో ఆ వరుసకు చేరి, అక్క కర్ర పక్కన పెట్టి కాలు చాపిందో లేదో, విమానం సిబ్బందిలో ఒకమ్మాయి వచ్చింది. కోస్తావైపు పిల్లలా ఉంది మాట తీరు.

"సార్, అమ్మగారు ఇక్కడ కూర్చోకూడదండి. ఇది అత్యవసర ద్వారం. ఏదైనా జరిగితే ఈ సీట్లలోవాళ్లే తలుపు తెరిచి, మిగతావాళ్లు దిగడానికి సాయపడాలి. కాళ్లూ చేతులూ బాగా ఉన్నవాళ్లకే ఇస్తామండి."

"కాలు బాగలేదనే గదమ్మా ఈ సీటు కొన్నది!" అన్నాను.

"బుక్ చేసేటప్పుడే షరతుల్లో ఉంటుందండి. మీరు ఒప్పుకున్నాకే సీటు ఇచ్చారు."

నా గొంతు పెరిగింది. పైసలు తీసుకున్నారన్నాను, మోసమన్నాను, మీ పెద్దను పిలవమన్నాను. ఇన్నేళ్లూ నా బస్సులో నా మీద ఎగిరిన ప్యాసింజర్లు ఏమేం అన్నారో అవన్నీ ఒక్కటి మిగల్చకుండా అన్నాను. జనం తలలు తిప్పి చూస్తున్నారు. కోపం కాదది, భయం. మళ్లీ ఆ కాలు వాస్తే మాకు ఇంకో డాక్టరు లేడు.

అక్క నా చొక్కా పట్టి లాగింది. "ఊకోరాదు తమ్మీ. ఆ పిల్ల డ్యూటీ ఆమె జేస్తున్నది. నువ్వు బస్సుల జెయ్యలేదా? నేను ఏడన్న కూసుంట తియ్యి."

ఆ అమ్మాయి అక్క కాలు వైపు ఒకసారి చూసింది. ముందుకు నడిచి, ఒక వరుస దగ్గర వంగి ఏదో మాట్లాడింది. మరాఠీ మాట్లాడుకుంటున్న ఇద్దరు పొడగరులు లేచి మా వైపు వచ్చారు. కాళ్లు మడవలేక అవస్థపడుతున్నట్టున్నారు, మా సీట్లు చూసి వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. నేను డబ్బు కట్టిన సీట్లలో వాళ్లు ఊరికే కూర్చుంటుంటే నాకు కాస్త కడుపు మండిన మాట నిజం. కాని వాళ్లు ఖాళీ చేసిన వరుసలో మూడు సీట్లూ మావే. మధ్య సీటు మొదటి నుంచీ ఖాళీయే. విమానం లేచేదాకా ఎలాగో ఓర్చుకోమని ఆ అమ్మాయి చెప్పింది. లేచాక అక్క కిటికీకి వీపు ఆనించి, కాలు మధ్య సీటు మీదుగా చాపి, మడమ నా ఒళ్లో పెట్టింది. మద్రాసు దాకా ఆ కాలు కిందికి దిగలేదు.

నేను ఇరవై ఏళ్లు చేసిన పనినే ఆ పిల్ల నా కళ్లముందు చేసింది. గట్టివాళ్లను లేపి, కాలు బాగాలేని మనిషికి చోటు చేసింది. దిగేటప్పుడు క్షమించమన్నాను. నవ్వింది.

మద్రాసు నుంచి కారులోనూ అడ్డంగా పడుకోబెట్టే తీసుకెళ్లాను. ఆసుపత్రిలో డాక్టరు మళ్లీ బొటనవేలితో నొక్కారు. గుంట పడలేదు. "రేపు ఉదయం చేద్దాం" అన్నారు. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చేశాను. అంత హాయిగా నేను ఎప్పుడూ ఏడవలేదు.

ఇప్పుడు మావాళ్లు టికెట్లు తీసేటప్పుడు నన్ను అడుగుతుంటారు, ఆ ఎక్కువ డబ్బుల సీట్లు కొనాలా వద్దా అని. ఒంటికి అవసరమైతే కొనండి, కొనేముందు ఎవరికి ఇవ్వరో చదవండి అంటాను. నేను కొన్న సీటు మాకు పనికి రాలేదు, దాన్ని మార్చుకుంటే దొరికిన సీటే పనికొచ్చింది. అలా ప్రతిసారీ జరగదు.

ఏడు వారాల తర్వాత తిరుగు ప్రయాణం. టికెట్లు తీసేటప్పుడు అన్ని పేజీల్లోనూ వద్దనే కొట్టించాను. అక్కకు మధ్య సీటు వచ్చింది, రెండు పక్కలా మనుషులు. కూర్చున్న కాసేపటికి ఆమె అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. నొప్పేమో అనుకున్నాను.

"ఏమైందక్కా?"

"ఏం సీట్లురా ఇవి, గింత ఇరుకు! సూడు, నా మోకాలు ముందు సీటుకు తాకుతున్నది" అని విసుక్కుంది. మరుక్షణమే తానేమందో తనకే తట్టింది. వంగిన మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, హైదరాబాదు దాకా అలాగే కూర్చుంది.